గోడ క్యాలెండరు మీది సున్నలు

నేను పుట్టింది సూర్యాపేట, మెట్టింది మిర్యాలగూడ, పాఠాలు చెప్పుకొని బ్రతికింది కోదాడ. ఈ మూడు ఊళ్ళ మధ్య ఆర్టీసీ బస్సుల్లో తిరిగిన తిరుగుడుకు లెక్క లేదు గాని, లెక్క ఉన్న సంగతి ఒకటి చెబుతాను. మూడు ఊళ్ళలోనూ నేనెరిగిన ప్రతి ఇంట్లో వంటగది గోడకు ఒక క్యాలెండరు ఉండేది. చాలా ఇళ్ళలో అది వెంకట్రామా వారిది. పాలు పోయని రోజులు, గ్యాసు బండ వచ్చిన తేదీ, చీటీ పాట రోజు, వీటి నడుమ పెన్సిలుతో చుట్టిన చిన్న సున్న ఒకటి. ఆ సున్న ఏమిటో ఇంట్లో ఆడవాళ్ళందరికీ తెలుసు. మగవాళ్ళందరూ తెలియనట్టు ఉంటారు.

ఆ సున్న ఎందుకు? శ్రావణ శుక్రవారం నాటికి "ఇబ్బంది" ఉంటుందా, ఉండదా అని చూసుకోవడానికి. దురాజ్‌పల్లి పెద్దగట్టు జాతర రెండేళ్ళకొకసారి వస్తుంది. ఆనాటికి గంప నెత్తిన పెట్టుకొని గట్టెక్కవచ్చునా లేదా అని తేల్చుకోవడానికి. మేళ్ళచెరువు శివరాత్రికి, ఆడబిడ్డ కూతురి పెళ్ళికి, తిరుపతి ప్రయాణానికి. లెక్క కుదరకపోతే మందుల దుకాణంలో చీటీ అక్కరలేకుండా ఇచ్చే బిళ్ళలు నాలుగు మింగి దేహాన్నే వాయిదా వేసుకోవడం. అంటే, మిత్రులారా, మా ఆడవాళ్ళకు లెక్క రాదనే మాట పచ్చి అబద్ధం. తరతరాలుగా లెక్కిస్తూనే ఉన్నారు. దేవుడి కోసం, పెళ్ళివారి కోసం, అత్తవారి మడి కోసం. తమ కోసం మాత్రం ఒక్కరూ లెక్కించలేదు, లెక్కించవచ్చునని వారికెవరూ చెప్పలేదు.

ఈ టపా వ్రాయక తప్పని స్థితికి నన్ను తెచ్చినవారు ఇద్దరు. ఒకాయన సూర్యాపేటలో ఒక కల్యాణమండపంలో "సహజ జీవనం" మీద ఉపన్యసించిన పెద్దమనిషి. మన పూర్వులకు సంతాన నియమనం కొట్టినపిండి అట. ఏ రోజు కలిస్తే గర్భం వస్తుందో, ఏ రోజు రాదో స్మృతులలోనే ఉన్నదట. మాత్రలూ తొడుగులూ పాశ్చాత్యుల పాపమట. రెండో ఆవిడ మా బంధువుల అమ్మాయి, వైద్యురాలు. ఈ ఉపన్యాసం సంగతి చెబితే పకపకా నవ్వి, "అవన్నీ పనికొచ్చే మాటలా పెద్దమ్మా? లెక్కలు పెట్టుకొని కూర్చుంటే ఏటా ఒక కాన్పు. ఇద్దరు పుట్టగానే ఆపరేషన్ చేయించుకుంటే పీడ వదులుతుంది" అన్నది. ఉపన్యాసకుడి మీద నాకు కోపం వచ్చింది. అమ్మాయి మీద అంతకంటే ఎక్కువ వచ్చింది. ఎందుకో చెప్పాలంటే ముందుగా కొంత పాఠం చెప్పక తప్పదు (ముప్ఫై ఏళ్ళు జంతుశాస్త్రం చెప్పిన నోరు, క్షమించండి).

స్త్రీ దేహంలో అండం నెలకొకసారి విడుదలవుతుంది. విడుదలైనాక దాని ఆయుష్షు ఒక్క రోజు కూడ ఉండదు. పురుషబీజం మాత్రం అనుకూలమైన స్థితిలో ఐదు రోజుల దాకా బ్రతుకుతుంది. కాబట్టి గర్భం నిలిచే అవకాశం నెలలో సుమారు ఆరు రోజులే: అండం విడుదలయ్యే రోజు, దానికి ముందరి ఐదు రోజులు. 1995లో విల్‌కాక్స్ బృందం 221 మంది స్త్రీలను పరిశీలించి తేల్చినది ఇదే. చిక్కంతా ఆ ఆరు రోజులు ఎప్పుడు వస్తాయన్న దగ్గర. జపానులో ఒగినో 1924లోనూ, ఆస్ట్రియాలో క్నౌస్ ఆ దశాబ్దం చివరలోనూ విడివిడిగా కనుక్కొన్న సంగతి ఏమిటంటే, అండం విడుదలను గడచిన ముట్టు నుంచి ముందుకు లెక్కించకూడదు, రాబోయే ముట్టు నుంచి వెనక్కు లెక్కించాలి. రాబోయే ముట్టుకు 12 నుంచి 16 రోజుల ముందు. ఎంత చిన్న మాట! కాని రాబోయేది ఎప్పుడు వస్తుందో ముందుగా ఎవరికి తెలుసు? అందుకే ఆరు నెలలో, ఏడాదో తేదీలు వ్రాసుకొని, వాటిలో అతి చిన్న చక్రంలోంచి 18, అతి పెద్ద చక్రంలోంచి 11 తీసివేసి, ఆ రెంటి నడుమ రోజులు జాగ్రత్త పడమన్నారు. (ఒగినో పిల్లలు కావాలనుకొనేవారి కోసం ఈ లెక్క కట్టాడు, వద్దనుకొనేవారు దాన్ని వాడుకోవడం ఆయనకు ఇష్టం లేదు. లోకం ఆయన మాట వినలేదు.)

ఇప్పుడు మన ఉపన్యాసకుడి స్మృతికి వద్దాం. మనువు ఋతుకాలం పదహారు రాత్రులన్నాడు. మొదటి నాలుగూ నిషిద్ధం. మిగిలినవాటిలో సరి రాత్రులు కొడుకులకు, బేసి రాత్రులు కూతుళ్ళకు. ఋతుకాలం గడచిన తరువాత గర్భాశయం సాయంకాలపు పద్మంలా ముడుచుకొంటుందని సుశ్రుతుడి ఉపమానం. ఉపమానం అందమైనదే. ఇరవై ఎనిమిది రోజుల చక్రం ఉన్న స్త్రీకి ఈ లెక్క ఇంచుమించు సరిపోతుంది కూడ. పూర్వులు బొత్తిగా కళ్ళు మూసుకొని చెప్పలేదు. కాని పదహారో రాత్రి దాటగానే పద్మం ముడుచుకొన్నదని నమ్మి, ముప్ఫై అయిదు రోజుల చక్రం ఉన్న స్త్రీ దగ్గరికి వెళితే? ఆమెకు అండం విడుదలయ్యేది సుమారు ఇరవై ఒకటో నాడు. పద్మం అప్పుడే విచ్చుకొంటూ ఉంటుంది!

ఈ ముప్ఫై అయిదు రోజుల స్త్రీ ఎవరో కాదు. నేనే.

1994లో నా మాట ఇది. అప్పటికి కోదాడలో ఒక జూనియర్ కళాశాలలో ఐదేళ్ళుగా ఇదే పాఠం చెబుతున్నాను. నల్లబల్ల మీద ఇరవై ఎనిమిది గళ్ళు గీసి, పద్నాలుగో గడిలో అండాన్ని చుక్కగా పెట్టి, హార్మోనుల వంకరగీతలు రంగుసుద్దలతో దిద్ది, పిల్లల చేత నోట్సులో దించించేదాన్ని. పరీక్షలో వచ్చే ప్రశ్న అని చెప్పి రెండుసార్లు చదివించేదాన్ని కూడ. ఆ బొమ్మలో ఉన్నది తన దేహమేనని ఒక్క ఆడపిల్లకూ తోచనివ్వలేదు. నాకే తోచలేదు! అప్పటికే ఒక పాప, ఒక బాబు. ఇక చాలుననుకొన్నాం. మావారికి తొడుగు గిట్టదు, నాకు మాత్రలు పడలేదు. మా అత్తగారు నీళ్ళు పోసుకొన్న వారం జాగ్రత్త అన్నారు. మావారు ఎక్కడో చదివిన పదహారు రోజుల శాస్త్రం తెచ్చారు. రెండూ కలిపి, పదిహేడో రోజు నుంచి భయం లేదని ఇంట్లో తీర్మానమయింది. నా చక్రం ముప్ఫై ఒకటికీ ముప్ఫై ఆరుకీ మధ్య ఊగుతుందని వంటగది గోడ మీది సున్నలు చెబుతూనే ఉన్నాయి. ఒగినో తీసివేత చేసి ఉంటే పదమూడో నాటి నుంచి ఇరవై అయిదో నాటి దాకా అని తేలేది. అనగా మేము భయం లేదనుకొన్న రోజులే అన్నింటికంటె భయపడవలసినవి. తీసివేత మూడో తరగతి లెక్క. జంతుశాస్త్రంలో ఎమ్మెస్సీ చేసిన నేను ఆ తీసివేత చేయలేదు.

నెల తప్పింది. ఈ మూడు ఊళ్ళలోనే ఒక ఆసుపత్రికి వెళ్ళాం. ఏ ఊరో, ఏ ఆసుపత్రో చెప్పను. గర్భం తీయాలంటే మావారి సంతకం కావాలన్నారు. 1971 నాటి చట్టం ప్రకారం వయసు వచ్చిన స్త్రీకి తన సమ్మతి ఒక్కటే చాలు, వేరెవరి సంతకమూ అక్కరలేదు. పెళ్ళయినవారు పాటించిన నియంత్రణ పద్ధతి విఫలం కావడం తగిన కారణమేనని అదే చట్టం అప్పట్లో అనేది. అవేవీ అప్పుడు నాకు తెలియవు. సంతకం అయ్యాక రెండో షరతు. దానితో పాటే పిల్లల ఆపరేషన్ కూడ చేయించుకోవాలి, లేకపోతే చేయము. "చదువుకొన్నదానివి, లెక్కలు పెట్టుకొని కూర్చున్నావా?" అని ఒక గద్దింపు అదనం. నాకప్పుడు ఇరవై ఎనిమిదేళ్ళు. పదహారు రోజుల శాస్త్రం తెచ్చినాయన వరండాలో పేపరు చదువుకొంటున్నారు. ఆయనను ఎవరూ ఏమీ అడగలేదు.

అందుకే మా అమ్మాయి నవ్వు నాకు చెవుల్లో గుచ్చుకొన్నది.

ఆమె వాదం తెలియనిది కాదు. ఈ పద్ధతి నమ్మదగినది కాదని అంటుంది. నిజమే, గర్భనిరోధక సాధనంగా ఇది బలహీనమైనది. ప్రపంచ ఆరోగ్య సంస్థ ఐదు దేశాలలో స్రావాలను గమనించే బిల్లింగ్స్ పద్ధతిని పరీక్షించి 1981లో ఫలితాలు ప్రకటించింది. ఆక్లండ్, డబ్లిన్, మనీలా, ఎల్ సాల్వడోర్‌లోని శాన్ మిగెల్, వీటితో పాటు మన పక్కనున్న బెంగుళూరు. ఏడాదికి నూటికి ఇరవై మందికి పైగా గర్భం వచ్చింది. ఇక్కడిదాకా చెప్పి వైద్యులు పుస్తకం మూసేస్తారు. నేను మూయను. అదే పరిశోధనలో పద్ధతి లోపం వలన వచ్చిన గర్భాలు నూటికి మూడు లోపే. మిగిలిన వాటిలో అధికభాగం, ఇవి జాగ్రత్త పడవలసిన రోజులని తెలిసి కూడ కలవడం వలన వచ్చినవి. తెలిసి నియమం తప్పింది ఎవరు? ఆ పట్టికలో ఆ గడి లేదు. కాని రాత్రి పూట తలుపు గడియ పడ్డాక "ఇవాళ వద్దు" అన్న మాటకు ఎన్ని ఇళ్ళలో విలువ ఉందో పట్టిక లేకుండానే మనకు తెలుసు. మిర్యాలగూడ రైసు మిల్లులో పని చేసే ఒకావిడ మా ఇంటికి వస్తుండేది. ఈ సంగతులు ఒకనాడు ఆమెకు వివరించబోతే నవ్వి, "రోజులు నేను లెక్కపెడ్త గాని అమ్మా, ఆయన తాగి వచ్చే రోజులు ఎవలు లెక్కపెట్టాలె?" అన్నది. పద్ధతి విఫలమైందని వ్రాసే ప్రతిచోటా నాకు ఆ ప్రశ్నే వినబడుతుంది. లెక్క తప్పింది ఆడదానిదని తీర్పు చెప్పి, మాట తప్పిన మగవాడిని సాక్షుల జాబితాలో కూడ చేర్చని న్యాయం ఇది.

ఆ పరిశోధనలోనే ఇంకొక అంకె ఉంది. నూటికి 93 మంది స్త్రీలు, చదువు ఉన్నా లేకపోయినా, మొదటి నెలలోనే తమ దేహ లక్షణాలను గుర్తించి సరిగా నమోదు చేయగలిగారు. ఈ అంకె విలువ తెలియాలంటే ముప్ఫై ఏళ్ళు వెనక్కు వెళ్ళాలి. 1952లో మన దేశం కుటుంబ నియంత్రణను ప్రభుత్వ కార్యక్రమంగా చేపట్టినప్పుడు, ఆరోగ్యమంత్రి రాజకుమారి అమృత్‌కౌర్. గాంధీజీ శిష్యురాలు. 1935 డిసెంబరులో వార్ధా వచ్చిన మార్గరెట్ సాంగర్‌తో గాంధీజీ తొడుగులనూ మందులనూ ఒప్పుకోలేదు గాని, సురక్షిత దినాల పద్ధతిలో కొంతైనా నిగ్రహం ఉన్నది కనుక దాని మీద తన అభ్యంతరం తక్కువన్నారు. అమృత్‌కౌర్ ఆ దారినే ప్రపంచ ఆరోగ్య సంస్థ నుంచి ఏబ్రహాం స్టోన్‌ను పిలిపించారు. ఢిల్లీ లోదీ కాలనీలోనూ, మైసూరు రాష్ట్రంలోని రామనగరంలోనూ (అవును, తరువాత "షోలే" తీసిన కొండలున్న ఊరే) ప్రయోగం. ఎర్రపూసలు, పచ్చపూసలు గుచ్చిన దండలు పంచారు. రోజుకొక పూస జరపాలి. పచ్చ వస్తే భయం లేదు, ఎర్ర వస్తే దూరం. ప్రయోగం ఫలించలేదు. ఆ తరువాత దశాబ్దాల తరబడి అధికారులు చెప్పుకొని నవ్వుకొన్న కథ ఏమిటంటే, ఆ ఊరి ఆడవాళ్ళు పూసలన్నిటినీ పచ్చ వైపుకు తోసేసి హాయిగా ఉన్నారట! పల్లెటూరి ఆడది మొద్దు అనడానికి ఆ దండ ఒక సాక్ష్యమైపోయింది. రామనగరం బెంగుళూరుకు సుమారు యాభై కిలోమీటర్లు. ముప్ఫై ఏళ్ళ తరువాత ఆ బెంగుళూరులోనే స్త్రీలు తమ దేహాలను చదువుకోగలరని తేలితే, ఆ అంకె చెప్పుకొని ఎవరూ సంతోషించలేదు. మొద్దు ఎవరు? తన దగ్గర ముప్ఫై అయిదు పూసలు ఉండవలసిన ఆమె చేతికి ఇరవై ఎనిమిది పూసల ఆలోచన అందించినవారా, లేక ఆమెయా?

ఇరవై ఎనిమిది మీద ఈ మోజు ఇంకా వదలలేదు. ఎన్‌సీఈఆర్‌టీ పన్నెండో తరగతి జీవశాస్త్రంలో, పదో రోజు నుంచి పదిహేడో రోజు దాకా దూరంగా ఉంటే గర్భం రాదన్న ధోరణిలో ఒక్క వాక్యం ఉంటుంది. పై విల్‌కాక్స్ గారే 2000 సంవత్సరంలో మరో వ్యాసంలో, ఆ ఆరు రోజులూ పది-పదిహేడు మధ్యనే పూర్తిగా ఇమిడే స్త్రీలు నూటికి ముప్ఫై మందేనని చూపారు. స్మృతి పదహారు అన్నది, పాఠ్యపుస్తకం పదిహేడు అన్నది. మధ్యలో రెండు వేల ఏళ్ళు. నన్ను అడిగినవారు ఎవరూ లేరు.

జార్జ్‌టౌన్ విశ్వవిద్యాలయం వారి పూసల దండ దీనికంటె నిజాయితీగా ఉంటుంది. ఉత్తర భారతంలో "మాలా చక్ర" పేరుతో పంచారు. ముప్ఫై రెండు పూసలు, ఎనిమిది నుంచి పంతొమ్మిది దాకా తెల్లవి, అవి జాగ్రత్త పడవలసినవి. చక్రం 26కూ 32కూ మధ్య లేనివారికి ఇది వద్దని ముందే చెబుతుంది. చక్కగా పాటిస్తే ఏడాదికి నూటికి ఐదుగురికి, మామూలుగా మనుషులు పాటించేలా పాటిస్తే పన్నెండుగురికి గర్భం వచ్చినట్టు 2002 నాటి లెక్క. నా బోటిది దాన్ని వాడరాదు. వాడరాదని చెప్పడం కూడ జ్ఞానమే కదా!

ఇక భాష సంగతి. ఇది సాహిత్యం చదివేవారు ఎక్కువగా తిరిగే తావు కనుక కాస్త ఆగుతాను. అండం విడుదలకు ముందరి రోజులలో స్త్రీకి గుడ్డు తెల్లసొనలా తేటగా, జిగురుగా, వేళ్ళ మధ్య సాగే స్రావం వస్తుంది. దేహం స్వయంగా ఇచ్చే సూచన అది. క్యాలెండరు కంటే నమ్మదగినది. దీనికి తెలుగు మాట ఏమిటి? ఆలోచించి చూడండి. లేదు. ఉన్నదల్లా "తెల్లబట్ట", "తెల్లమైల". రెండూ రోగం పేర్లు, ఒకటి మైల పేరు. అంతర్జాలం, జాలస్థలి, టపా, వ్యాఖ్య అని కంప్యూటరులోని ప్రతి కదలికకూ పోటీపడి పేర్లు పెట్టిన మనం, సగం జనాభా ప్రతి నెలా చూసే సంగతికి ఒక పేరు పెట్టలేదు. పేరు లేకపోతే ఏమవుతుంది? ఆరోగ్యంగా ఉన్న పిల్ల "తెల్లబట్ట అవుతుంది" అని భయపడుతుంది. వీధి చివరి ఆర్ఎంపీ బలానికి సూది వేస్తాడు. పదేళ్ళు పోయాక ఇంకొకరు, ఇలాగే వదిలేస్తే క్యాన్సరవుతుంది, పిల్లలు పుట్టేశారు కదా, గర్భసంచి తీసేద్దామంటారు. 2015-16 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో గర్భసంచి తీయించుకొన్న స్త్రీల శాతం దేశం మొత్తం మీద 3.2 అయితే, ఆంధ్రప్రదేశ్‌లో 8.9, తెలంగాణలో 7.7. దేశంలో అగ్రస్థానాలు మనవే. దుర్వాసన, దురద, రంగు మార్పు ఉంటే అది నిజంగా వైద్యం కావలసిన స్థితి; తేటగా సాగేది కాదు. ఈ రెంటికీ తేడా చెప్పే రెండు మాటలు భాషలో ఉంటే కొన్ని గర్భసంచులైనా మిగిలేవని నా నమ్మకం.

నేనొక మాట వాడుతున్నాను: పదును. వాన పడ్డాక నేల విత్తుకు తయారయితే మా వైపు రైతు "పదునైంది" అంటాడు. ఆ స్రావానికి పదునునీరు, ఆ ఆరు రోజులకు పదును రోజులు. (స్త్రీని క్షేత్రమన్న మనువు ఉపమానమే తిరిగి నా నోట వచ్చిందని మీరు అనే లోపలే నేను అనుకొన్నాను. రావడం వచ్చింది. ఈసారి పట్టాదారు పాసుపుస్తకం మాత్రం ఆమె పేరున ఉండాలి.) "సురక్షిత దినాలు" అన్న మాట నాకు ఎన్నడూ నచ్చలేదు. ఎవరి నుంచి రక్షణ?

సహజ పద్ధతిని నెత్తిన పెట్టుకొనేవారితో నా తగవు ఇంకా తీరలేదు. 1968లో పోపు మందులనూ సాధనాలనూ నిషేధించి, రోజుల లెక్కకు మాత్రం అనుమతి ఇచ్చాడు. 1979లో ఓస్లోలో నోబెల్ ఉపన్యాసంలో మదర్ థెరిసా, కలకత్తాలో ఈ పద్ధతి నేర్పడం వలన ఆరేళ్ళలో 61,273 మంది పిల్లలు తక్కువ పుట్టారని చెప్పారు. పుట్టనివారిని చివరి ముగ్గురిదాకా లెక్కపెట్టిన ఆ కలం ఎవరిదో! ఒకరికి ఇది పుణ్యం, ఇంకొకరికి స్వదేశీ. ఇద్దరూ స్త్రీకి తన దేహం గురించి తెలియాలని కోరుకోలేదు. ఆమె వేరే సాధనం ముట్టకూడదని కోరుకొన్నారు. తెలిసినదానితో ఆమె ఏమి చేసుకొంటుందో ఆమె ఇష్టం. పదును రోజుల్లో తొడుగు వాడమనవచ్చు, పిల్లలు కావాలంటే ఆ రోజులనే ఎంచుకోవచ్చు, రాగిటి వేయించుకొని ఈ లెక్క మరచిపోవచ్చు. నా పక్షాన నేను రాగిటికే ఓటు వేసేదాన్ని, ఎవరైనా అడిగి ఉంటే.

పిల్లలు కావాలన్నవారి మాట వచ్చింది కనుక. ఇప్పుడు మా జాతీయ రహదారి వెంట ఏ ఊరు చూసినా సంతాన సాఫల్య కేంద్రాల బోర్డులు. పెళ్ళయి ఏడాది తిరగకుండానే కోడలిని "చూపించడానికి" తీసుకుపోతున్నారు. భర్త హైదరాబాదులో ఉద్యోగం, శని ఆదివారాలు వచ్చి పోతాడు. ఆ శని ఆదివారాలు ఆ ఆరు రోజుల్లో పడుతున్నాయా లేదా అని ఆ పిల్లను ఎవరైనా అడిగారా? పరీక్షలకూ సూదులకూ వేలు పోసే ముందు అడగవలసిన మొదటి ప్రశ్న అది. ఖర్చు లేని ప్రశ్న.

మా వైద్యురాలి మాటకు తిరిగి వస్తాను. ఇద్దరు పుట్టగానే ఆపరేషన్. 2019-21 సర్వే నాటికి పెళ్ళయిన స్త్రీలలో తెలంగాణలో దాదాపు 62 మంది, ఆంధ్రప్రదేశ్‌లో దాదాపు 70 మంది నూటికి ఆపరేషన్ అయినవారే. దేశం సగటు 38. చాలామందికి ఇరవై అయిదేళ్ళు నిండకముందే అయిపోతుంది. మగవారి ఆపరేషన్ తెలంగాణలో రెండు శాతం కూడ లేదు. అత్యవసర స్థితి కాలంలో, 1976-77లో, 83 లక్షల ఆపరేషన్లు జరిగితే 62 లక్షలు మగవారివి. అది దౌర్జన్యం, సందేహం లేదు. మగవారికి కోపం వచ్చింది, ప్రభుత్వం పడిపోయింది. ఆ తరువాత కత్తి ఆడవారి వైపు తిరిగింది. 2014లో బిలాస్‌పూర్ శిబిరాలలో పదమూడు మంది చనిపోయారు. శిబిరాలు మూడేళ్ళలో ఆపాలని సుప్రీంకోర్టు 2016లో ఆదేశించింది. 2022 ఆగస్టు 25న మన ఇబ్రహీంపట్నంలో ఒక్క రోజున 34 మందికి చేశారు. నలుగురు తల్లులు పోయారు. ఏ ప్రభుత్వం పడిపోయింది?

ఇంతటితో అయిందా? ఉమ్మడి రాష్ట్రంలో 1994 పంచాయతీరాజ్ చట్టం ఇద్దరికంటే ఎక్కువ పిల్లలుంటే ఎన్నికలకు అనర్హులంది. ఆ ఏడే నాకు ఆపరేషన్ అయింది, కాకతాళీయమే. 2024 నవంబరులో ఆంధ్రప్రదేశ్ శాసనసభ ఆ నిబంధనను తొలగించింది. ఇప్పుడు ఎక్కువమందిని కనండని పెద్దలు సెలవిస్తున్నారు. వద్దన్నదీ వారే, కనమన్నదీ వారే. ఎప్పుడు కనవచ్చునో తెలుసుకొనే లెక్క మాత్రం ఇప్పటికీ ఆడపిల్లకు చెప్పరు.

కొత్తతరం ఫోనులో లెక్క పెట్టుకొంటున్నది. మా మేనకోడలు చూపించింది. గులాబీరంగు పువ్వులతో ముద్దుగా ఉంది. లోపల మాత్రం చాలావాటిలో అదే పాత సగటు. పైగా ఫ్లో అనే అనువర్తనం ఆడవాళ్ళ తేదీలను ఫేస్‌బుక్ వంటి సంస్థలకు చేరవేసిందన్న అభియోగం మీద 2021లో అమెరికా వ్యాపార సంఘంతో రాజీ చేసుకోవలసి వచ్చింది. మా అత్తగారి పెన్సిలు సున్న ఎవరికీ చెప్పేది కాదు.

ఉద్యోగ విరమణకు ముందరి రెండేళ్ళూ ఆ పాఠం వచ్చినప్పుడు నల్లబల్ల మీద ఇరవై ఎనిమిది గళ్ళ బొమ్మ పక్కన ముప్ఫై అయిదు గళ్ళది కూడ గీశాను. రెంటిలోనూ చివరి నుంచి వెనక్కు పద్నాలుగు లెక్కించి చుక్క పెట్టాను. మగపిల్లలు తలలు వంచుకొని నవ్వుకొన్నారు. చివరి వరుసలో మేళ్ళచెరువు వైపు నుంచి వచ్చే పిల్ల ఒకతె లేచి నిలబడి, మళ్ళీ కూర్చుని, మళ్ళీ లేచింది. "మేడమ్, నలభై రోజులకొస్తే ఎట్ల?" తనకనలేదు, ఎవరికనీ అనలేదు. తరచు అలాగే వస్తుంటే ఒకసారి డాక్టరుకు చూపించుకోవాలమ్మా అని చెప్పి, సుద్దముక్క ఆమె చేతికిచ్చాను. ఆమె వచ్చి నలభై గళ్ళు గీసింది. చాలా సేపు పట్టింది, గళ్ళు వంకరగా వచ్చాయి. గంట కొట్టినా ఎవరూ లేవలేదు. ఇరవై ఆరో గడిలో చుక్క పెట్టి నా వైపు చూసింది.